పానం లేదా దానికి?

బీదర్‌ల మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మను అక్కా అనే పిలిచేటోళ్లం. దుబల్గుండిల పుట్టిన మనిషి. ఎండిన మొక్క ఎక్కడ కనవడ్డా మట్టిల వేలుపెట్టి చూసి, "పానం లేదా దానికి?" అని దాని యజమాని మీద లేసేది.

హైదరాబాద్‌ల రోజుకో కొత్త కంపెనీ తెరుస్తున్న కాలమది. మా మీది పోర్షన్ల కిరాయికున్న సారుకు అక్కడ కొలువు దొరికింది. సామానంతా లారీకెక్కించిండు గని వరండాల మనీప్లాంటును ఇడిశిపెట్టిండు.

"దీన్నేం జేస్తవ్?" అనడిగింది అక్క.

"చెత్తల పారెయ్యున్రి" అన్నడు.

తీగంతా కిటికీ జాలికి చిక్కులు పడ్డది. వేర్లు కుండీ అడుగు నుంచి బయటికొచ్చినయ్. అక్క ఆయన్ని తిట్టుకుంటనే కూసోని, చిక్కుజడ ఇప్పినట్టు తీగను ఇప్పింది. ఎండిన కొసలు కత్తిరించి, ముద్దగట్టిన వేర్లను ఇడదీసి, ఎర్రమట్టిల పేడెరువు కలిపి పెద్ద డబ్బాల నాటింది. వానలు పోయేసరికి ఆ తీగ మెట్ల పొడుగునా పాకింది.

అప్పుడొచ్చిండు సారు, కొత్త కారుల.

"అక్కా, మా ఫ్లాటు బాల్కనీకి మస్తుంటది. నా చెట్టు తీస్కపోత" అన్నడు నవ్వుకుంట. నాకు ఒళ్లు మండింది.

"పారెయ్యమన్ననాడు నీది గాదా?" అన్నది అక్క. లోపటికి పోయి ఆయన పాత కుండీ తెచ్చి చేతుల పెట్టింది. "గిదే నీది. తీస్కపో."

నేనన్న సర్దిచెప్తననుకున్నడేమో, సారు నా దిక్కు చూసిండు. నేను పోయి గేటు తీసి పట్టుకున్న.