చెయ్యి వదలడం లేదు

అగ్నిమాపక కేంద్రంలో వైర్‌లెస్ గదికి కిటికీ లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిలోనే కూర్చున్న ఆవిడ ఊళ్ళో ఒక్క మంటనూ కళ్ళారా చూడలేదు. అన్నీ చెవులతోనే చూసింది. సిబ్బందికి ఆవిడ రేడియో అక్క.

కేంద్రం గోడ మీద, బండ్ల మీద, చొక్కాల భుజం మీద ఒకటే మాట: "చెయ్యి వదలం." నమ్ముకున్నవాళ్ళను నట్టేట ముంచం అని దాని భావం. ఊళ్ళో పసిపిల్లలకు కూడా అది కంఠతా వచ్చు. ఆ మాట పుట్టింది మాత్రం అక్క చెవిలో.

ఆరేళ్ళ కిందట, మిట్టమధ్యాహ్నం బట్టల గోదాము అంటుకుంది. తాడిలా పొడుగ్గా ఉంటాడని అందరూ నిచ్చెన అని పిలిచే ఫైర్‌మన్ లోపలికి వెళ్ళాడు. ఒక కూలీ బేళ్ళ కింద ఇరుక్కుని ఉన్నాడు. పైకప్పు వంగుతోందని తెలియగానే అధికారి, "బయటికి రమ్మను" అన్నాడు.

"తమ్ముడూ, వచ్చెయ్. ఉన్నపళంగా వచ్చెయ్" అంది అక్క మైకులో.

గరగరల మధ్య నిచ్చెన గొంతు వినిపించింది. "చెయ్యి వదలడం లేదు." మళ్ళీ అదే మాట. ఆ తర్వాత గరగరలే మిగిలాయి. పైకప్పు కూలి ఇద్దరూ లోపలే పోయారు.

అక్క విన్నది విన్నట్టు పుస్తకంలో రాసింది. అది చదివిన అధికారికి కళ్ళు చెమర్చాయి. "ఎంత మాటన్నాడు! కూలీ చెయ్యి వదలనన్నాడు" అన్నాడు. ఎవరు వదలడం లేదో అందులో లేదు కదా సార్ అని అక్క నసిగింది. "ఇప్పుడు వ్యాకరణం ఎందుకమ్మా!" అన్నాడాయన. నెల తిరక్కుండా మాట గోడకెక్కింది. కొత్తగా చేరినవాళ్ళకు దాని పుట్టుక చెప్పే పని అక్క నెత్తిన పడింది.

నిచ్చెన భార్యకు కేంద్రంలోనే దర్జీ పని ఇచ్చారు. చొక్కాల మీద ఆ మాటున్న గుడ్డ బిళ్ళలు కుట్టేది ఆ అమ్మాయే. ఆరేళ్ళలో ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. మొన్న శనివారం మెడలో టేపుతోనే వచ్చి వైర్‌లెస్ గది గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఆ మాట విన్నది మీరే కదా?"

"నేనేనమ్మా."

"బల్లి కనబడితే మంచమెక్కే మనిషి ఆయన. వదలంది ఆయనా, ఆ కూలీనా?"

అక్క చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయనే వదలనన్నాడంటే, ముక్కూమొహం తెలియనివాడి కోసం నన్నూ పిల్లనీ వద్దనుకున్నట్టేగా. అదే వాడు పట్టుకుని వదల్లేదనుకోండి..." మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. "ఇంటికి రావాలనే చూసుంటాడు కదా వదినా?"

అక్క ఆ గొంతును గుర్తు తెచ్చుకోబోయింది. ఒకసారి ధైర్యంగా అన్నట్టు, ఒకసారి బతిమాలినట్టు తోచింది. ఎన్నిసార్లు చెప్పిందో ఏమో, చెప్పిన కథే మిగిలి విన్న గొంతు అరిగిపోయింది. అవునంటే ఈ అమ్మాయికి ఊరటో, జన్మంతా కుమిలిపోవడమో కూడా తేల్చుకోలేకపోయింది.

"తెలీదమ్మా. ఒట్టు, నాకు తెలీదు."

"మీకే తెలీకపోతే ఇంకెవర్నడగను?" అని ఆ అమ్మాయి వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది.

సోమవారం అక్క అధికారి దగ్గరికెళ్ళి, ఈ కథ చెప్పడం ఇక తన వల్ల కాదంది.

"విన్నదానివి నువ్వు. నువ్వు కాక ఎవరు చెబుతారు? పదమ్మా, కొత్తవాళ్ళు కూర్చునున్నారు."

అక్క వెళ్ళి ఎప్పటి కథే చెప్పింది. ముందు వరుసలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అనుమానాలేమైనా ఉన్నాయా అని అడిగి, ఎవరో చెయ్యి ఎత్తుతున్నా చూడనట్టు అక్క బయటికి నడిచింది.