ఉలవల మీద బైకు

విశాఖపట్నంలో కూర్చుని, జమ్మలమడుగు నుంచి మైలవరం మీదుగా కొండల్లోకి బైకు మీద వెళ్లే దారి గీసి, ఆ జీపీఎస్ ఫైలును ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. మలుపులు, ఎత్తులు, పెట్రోలు బంకులు అన్నీ అందులో ఉన్నాయి. తీరా బయల్దేరి వస్తే, మైలవరం దాటాక రోడ్డు నిండా ఎండిన ఉలవ పంట పరిచి ఉంది. ఒకరి తిండి గింజలు తొక్కడం ఎందుకని, బైకు దిగి అంచునే తోసుకుంటూ పోసాగాను.

"ఏందప్పా, పక్కన పోతాండావు? పైన ఎక్కిచ్చు!" అని పంట తిరగేస్తున్న ఒక పెద్దామె కేకేసింది. "మబ్బు పట్టిండాది. వాన పడకముందే గింజ రాలకుంటే అంతా బూజు పడతాది. పొద్దున్నుంచి ఒక్క బండి గూడా రాలే."

"జారి పడతానేమోనమ్మా."

"పడితే మెత్తగానే పడతావులే."

నెమ్మదిగా ఎక్కించాను. చక్రాల కింద కాయలు పటపటా పగిలాయి. చివరిదాకా వెళ్లగానే, మళ్లీ వెనక్కి రమ్మని ఆమె చెయ్యూపింది. చినుకులు మొదలయ్యేదాకా అలా తిరుగుతూనే ఉన్నాను. తర్వాత ఇద్దరం ఉలవలు కుప్ప చేసి టార్పాలిన్ పట్టా కప్పాం.

"మా ఊళ్లో రోడ్డు మీద పంట పరవరమ్మా" అన్నాను.

ఆమె నావైపు జాలిగా చూసింది.

"అయితే మీ కాడ రోడ్లు ఉత్తగా పడుంటాయా?"