రాయమల్లు గండం

రాయమల్లంత పిరికివాడు హన్మకొండ చౌరస్తా మొత్తం మీద ఇంకొకడు లేడు. బండి కొనకముందే హెల్మెట్ కొన్న మనిషి. తన గిన్నెల దుకాణంలో అటకెక్కాలంటే నిచ్చెన పట్టుకోవడానికి పక్క షాపువాణ్ని పిలుస్తాడు. నలభై దాటేదాకా ప్రాణాన్ని అలా కాపాడుకుంటూ వచ్చాడు పాపం.

అలాంటివాడి చెల్లెలు రమ్యకు కొడుకు పుట్టాడు. పుట్టడమే కింది చిగురు మీద ఒక పన్నుతో పుట్టాడు! పన్నుతో పుట్టిన పిల్లాడు మేనమామకు గండమంటారు. ఆ పన్ను పోయేదాకా మామ పిల్లాడి మొహం నేరుగా చూడకూడదట, నూనెలో నీడే చూడాలట. ఆ మాట చెవినపడ్డాక రాయమల్లుకు అన్నం సయించలేదు. దవాఖాన గేటు దగ్గరే ఆగిపోయాడు.

డాక్టర్ దీప్తి పన్నును వేలితో కదిపి చూసింది. "గట్టిగనే ఉందమ్మా. పాలు మంచిగ తాగుతున్నడు. ఇది పాలపన్నే, జర తొందరపడ్డది. పీకితే ఆరేడేళ్లు అక్కడ బోసే. వదులైనా, నాలుక కింద పుండు పడినా నా దగ్గరికి తీసుకురండి. దారం గీరం కట్టి లాగేరు, పసిగుడ్డుకు రక్తం ఆగదు" అని గట్టిగా చెప్పింది.

రాయమల్లు తల్లి మొగిలమ్మ అన్నిటికీ తలూపింది. ఇంటికి రాగానే దారపుండ వెతికింది.

బాలింత ఇంట్లో ఉన్నన్నాళ్లూ రాయమల్లు దుకాణంలోనే పడుకున్నాడు. ఒకనాడు తల్లి కబురు పెడితే, కొత్త గిన్నెలో నువ్వుల నూనె పోసుకుని వచ్చాడు. గది తలుపు దాకా వచ్చేసరికి లోపల్నుంచి మాటలు వినబడ్డాయి.

"అన్న పానం కంటె ఎక్కువనా అమ్మా? పీకు" అంటోంది రమ్య, వెక్కిళ్ల మధ్య. "నేను పట్టుకుంట. రక్తమొస్తే దవాఖానకు ఉరుకుదాం."

రాయమల్లు చేతిలో నూనె తొణికింది. తనకోసం చెల్లెలు పురిటిబిడ్డను దారానికి అప్పగిస్తోంది! సిగ్గుతో అతని మొహం మండిపోయింది. గిన్నె గడప దగ్గర పెట్టేసి లోపలికి నడిచాడు.

"ఓరి పిచ్చోడా, కండ్లు మూస్కోరా!" అని అరిచింది మొగిలమ్మ.

మూసుకోలేదు. వంగి పిల్లాడి మొహంలోకి చూశాడు. వాడు హాయిగా ఆవులించాడు. బియ్యపుగింజంత పన్ను కనబడింది.

"చూసిన్నే అమ్మా. ఇగ అయ్యేదేందో నాకే అయితది. పోరని పన్ను ముట్టకుండ్రి" అన్నాడు. తల్లి చేతిలోని దారం తీసుకుని జేబులో వేసుకున్నాడు. 

గండం మీద అతని నమ్మకం ఇసుమంతైనా తగ్గలేదు. ఆ సాయంత్రం దుకాణానికి నడిచే వెళ్లాడు, నెత్తిన హెల్మెట్‌తో.