కాకులు లేని అమావాస్య

మహాలయ అమావాస్య నాడు మామగారికి పెట్టిన ముద్దను పక్షి ముట్టేదాకా మా ఇంట్లో ఎవరూ ఏమీ తినరు. ఆయన కొడుకు, అంటే మా ఆయనైతే, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగడు కూడా.

మేం సింగపూర్ వచ్చిన ఏడు అత్తయ్య మా దగ్గరే ఉన్నారు. కంప్యూటర్లకు రాత్రీ పగలూ తేడా లేని రోజులు కదా, మా ఆయన తంజోంగ్ పగార్ ఆఫీసులో రాత్రంతా వాటికి కాపలా కాసి, అమావాస్య తెల్లారుజామున ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొచ్చారు. ముందురోజు సాయంత్రం తిన్నదే తిండి. చీకటితోనే లేచి గారెలు వండిన నాకూ నడుం లాగేస్తోంది.

క్లెమెంటిలో మా ఫ్లాటు చుట్టూ వారం నుంచీ వెతికినా ఒక్క కాకీ లేదు. సముద్రం ఒడ్డున కొండ ఉందనీ, అక్కడ బోలెడు పక్షులుంటాయనీ చెప్పింది నేనే. క్యారేజీ పట్టుకుని ముగ్గురం మొదటి బస్సెక్కాం.

మెట్లన్నీ ఎక్కి కొండ అంచుకు చేరేసరికి, ఎదుటి దీవిలో ఆయిల్ ట్యాంకుల దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. సన్నరెక్కల తెల్లపక్షులు నిట్టనిలువునా నీళ్ళలోకి దూకి చేపలు పడుతున్నాయి. మా ఆయన వాటిని కాసేపు చూసి బెంచీ మీద కూలబడ్డారు. అత్తయ్య అరిటాకు పరిచి, ముద్దా గారే పెట్టి, "కా... కా..." అని పిలిచారు.

"అవి కాకులు కావండీ అత్తయ్యా."

"ఏదైతేనేంటే, మీ మావయ్యకి రెక్కలుంటే చాలు. కా... కా..."

పొద్దున్నే నడకకొచ్చిన చీనా పెద్దాయన ఆగాడు. "ఆంటీ, నో ఫీడింగ్ లా! ఫైన్!"

"ఏంటంటున్నాడే?"

"పక్షులకి పెట్టకూడదటండీ. పెడితే జరిమానా అట."

"చచ్చిపోయినోళ్ళ ఆకలికీ జరిమానానా!"

ఇంతలో పెద్ద తెల్లగద్ద ఒకటి కాళ్ళలో చేపతో మా నెత్తి మీదుగా వెళ్ళి, వెనక చెట్టు మీది గూట్లో వాలింది. మా గారె వంక చూడనైనా లేదు.

అత్తయ్య కొడుకు వైపు తిరిగారు. ఆయన తల కమ్మీకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆవిడ క్యారేజీ మూత తీశారు.

"లేరా నాయనా, తిను."

"పక్షి ముట్టలేదు కదమ్మా..."

"ముట్టకపోతే మానె. మీ నాన్నే ఉంటే నిన్నింతసేపు పస్తుంచేవాడా? నోరు తెరు."

సగం నిద్రలోనే నమిలారాయన. తరవాతి ముద్ద అత్తయ్య నా చేతిలో పెట్టారు. తను మాత్రం తినలేదు. ఆకును ముద్దతో సహా మడిచి సంచిలో పెట్టుకుని, సముద్రం వైపు తిరిగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు ఇంకొక్కసారి "కా" అన్నారు.