ఊపిరి బయటికి పోనిచ్చిన డాక్టరమ్మ

రాస్తాండావా? ఆ డాక్టరమ్మ గురించి రాయి. మీ తాతను ఎమ్మిగనూరు నుంచి ఆదోని ఆస్పత్రికి తెచ్చినప్పుడు సూసిన ఆయమ్మ. రోగి ఎద మీద అరసెయ్యి పెట్టిందంటే, ఊపిరి పూర్తిగా బయటికి పోయేదాకా ఎవురు పిల్సినా పలికేది కాదు. ఏలు పైకెత్తి, "ఆగవ్వా, పోనీ" అనేది, అంతే.

మీ తాతది జిన్నింగు మిల్లులో పత్తిదుమ్ము తిన్న ఊపిరి. గొంతులో గొట్టమేసి మిషనుతో గాలి కొట్టిస్తాండిరి. అది దబదబా కొడతాంటే నాకు ధైర్యంగా ఉండె. ఆయమ్మ వచ్చి దాన్ని నిదానం సేయబోతే, "గాలికి గూడా పిసినారితనమేనా తల్లీ? ఇంగా జోరుగా పెట్టు" అంటి.

"లోపలికి పోయింది బయటికి రాకముందే ఇంకోటి పోతాంది అవ్వా. ఎద ఉబ్బి గుండెను నొక్కుతాంది" అనె.

అంతలోనే బీపీ పడిపాయ, మిషను కుయ్యోమనె. ఆయమ్మ టక్కున గొట్టం నుంచి మిషను ఊడబెరికింది! నేను సెయ్యి పట్టుకోని, "సంపుతాండావా?" అని అరిసినా. ఇడిపించుకోకుండా, రెండో సేత్తో తాత ఎద అదిమింది. బుస్సుమని గాలి, ఎంతసేపు వచ్చిందో! లోపల అంత ఇరుక్కోనుందని నాకేం తెలుసు? నాడి తిరిగొచ్చినాక నర్సు మళ్ళా మిషను తగిలించి, నిదానంగా పెట్టింది.

ఆయమ్మ స్టూలు మీద కూలబడె. ఆయమ్మ సెయ్యి నేను ఇంగా పట్టుకోనే ఉండా. మీ అమ్మకన్నా సిన్న పిల్ల.

"భయమైందామ్మా?"

"అయిందవ్వా. అప్పుడే వదలొద్దు."