పిన్ని పాడిన ఒక్క పంక్తి

మా పిన్ని సినిమాల్లో పాడుతుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. కోరస్‌లో అనగానే మళ్ళీ మామూలైపోతాయి. ఆవిడ అత్తగారు, అంటే మా నానమ్మ, ఆ కళ్ళు పెద్దవి చేసే శ్రమ కూడా పడేది కాదు. "దాందేముంది, గుంపులో గోవింద" అని తేల్చేసేది. టీవీలో పాట వచ్చినప్పుడల్లా ఇందులో నీ గొంతేదని పిన్నిని నిలదీసేది. పిన్ని నవ్వి ఊరుకునేది.

ఊరుకోక ఏం చేస్తుంది? కోరస్ పనే అలాంటిది. అద్దాల గదిలో అందరూ ఒక మైకు చుట్టూ నిలబడతారు. గొంతు పెద్దదైనవాళ్ళు వెనక్కి జరగాలి. పిన్నిది ఎప్పుడూ వెనక వరుసే. ఏ ఒక్కరి గొంతూ విడిగా వినపడకూడదు. వినపడిందా, మళ్ళీ మొదటికి. విడిగా వినపడకుండా పాడి మంచి పేరు తెచ్చుకున్న మనిషి, ఇది నా గొంతని దేన్ని చూపిస్తుంది? అయినా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అత్తగారికి అలా చూపించాలని ఆవిడకు ప్రాణం కొట్టుకునేది.

చివరికి అదృష్టం తలుపు తట్టింది. ఒక సినిమాలో నడివయసు ఆవిడ గుమ్మంలో ఒంటరిగా కూర్చుని ఉంటే, ఆవిడ మనసులో మాటగా ఒక పంక్తి రావాలి. పెద్ద గాయని గొంతు మరీ నున్నగా ఉందని సంగీత దర్శకుడు పెదవి విరిచి, వెనక వరుసలోంచి పిన్నిని పిలిచాడు. ముందుకు రమ్మంటే పిన్ని అలవాటు కొద్దీ ఒక అడుగు వెనక్కి వేసిందట. చివరికి మైకునే ఆవిడ దగ్గరికి జరిపారు.

"తలుపు తీసే ఉంచాను, వచ్చే గాలీ నాదే, పోయే గాలీ నాదే." ఇంతే పాట. ఆ పంక్తిని పిన్ని కూరలు తరుగుతూ పాడింది, బట్టలు ఆరేస్తూ పాడింది. చాల్లే, అరిగిపోతుందని నానమ్మ విసుక్కుంది. విసుక్కుంటూనే, సాయంత్రం నడకలో తోడొచ్చే ముసలమ్మలందరికీ మొదటిరోజు ఆటకు టికెట్లు తెప్పించింది.

ఈలోగా దర్శకుడుగారు సినిమాను ఏదో పడమటి దేశంలో చిత్రోత్సవానికి మోసుకెళ్ళాడు. వాళ్ళకు పాటలు గిట్టవని ఎవరో చెవిలో ఊదారు. ఈయన పాటలన్నీ పీకేసి, ఆ చోట్ల బొమ్మను మాత్రం నిశ్శబ్దంగా నడిపించాడు. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారని పేపర్లో వచ్చింది. ఇంకేముంది, ఇక్కడ కూడా ఆ కాపీనే విడుదల చేశాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈయనైతే పొరుగువాడి మెప్పు కోసం ఆ చెట్టును మొదలంటా నరికేశాడు. పైగా మన ప్రేక్షకుడు ఎదగాలని తర్వాత టీవీలో హితబోధ. నాకు ఒళ్ళు మండిపోయింది. మేం ఎదిగేదాకా టికెట్లు అమ్మకుండా ఆగలేకపోయాడా?

పిన్నికి ఈ సంగతి సినిమాకు వెళ్ళాల్సిన రోజు పొద్దున తెలిసింది, తోటి కోరస్ ఆవిడ ఫోన్ చేస్తే. నా ఒక్కదానితోనే చెప్పి, నోరు విప్పొద్దంది. నానమ్మ అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని హాల్లో కూర్చుని ఉంది. ఆ ముఖం చూశాక చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

థియేటర్లో నానమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. అటు వరసంతా ఆవిడ బలగమే. సినిమా నడుస్తున్నంతసేపూ పిన్ని కొంగు మెలిపెడుతూనే ఉంది. గుమ్మం సీను రానే వచ్చింది. తెర మీద ఆవిడ కూర్చుంది. చప్పుడు లేదు. జనం కుర్చీల్లో కదిలారు, ఎవరో ఆవలించారు.

"ఇక్కడేనా?" అంది నానమ్మ.

"ఇక్కడే అత్తయ్యా. తీసేశారు." పిన్ని కొంగు వదిలేసింది. "విదేశాల్లో వాళ్ళకి పాటలు నచ్చవట."

నానమ్మ వెనక్కి తిరిగి హాలంతా ఒకసారి చూసింది.

"వాళ్ళు ఈ హాల్లో ఉన్నారా?"

"లేరు."

"అయితే నువ్వు పాడు."

పిన్ని నా వంక చూసింది. తెర మీద ఆవిడ ఇంకా అలాగే కూర్చుని ఉంది. పిన్ని కూర్చున్నచోటే, గొంతు ఏమాత్రం తగ్గించకుండా పాడింది. అంత పెద్ద గొంతని నాకు అప్పటిదాకా తెలియదు. కదులుతున్న కుర్చీలు ఆగిపోయాయి. ముందు వరుసలవాళ్ళు పాట తెర మీదనుంచే వస్తోందనుకుని, తల కూడా తిప్పకుండా విన్నారు. పంక్తి అయిపోయింది, సీనూ అయిపోయింది. నా కళ్ళు తుడుచుకుని చూస్తే, నానమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని ఉంది.

ఆట వదిలాక మెట్లు దిగుతుంటే, ముందు వరుసలో కూర్చున్న ఒకాయన భార్యతో అంటున్నాడు, సినిమా ఏమోగానీ ఆ గుమ్మం దగ్గర పాట బాగుందని, ఎవరు పాడారో అని. నానమ్మ కమ్మీ పట్టుకుని ఆగింది.

"మా కోడలు," అంది. ఆయనకు అర్థం కాలేదు. అయినా వదలకుండా, "ఒక్కత్తే పాడింది" అని చెప్పింది.