నోట్‌బుర్గా మెచ్చుకోలు

గ్రాజ్ పట్టణంలో నోట్‌బుర్గా అంటే కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. బూట్ల ఫ్యాక్టరీలో ఆవిడ ఉద్యోగమే కుట్లలో తప్పులు పట్టడం. ఉద్యోగం అయిపోయాక బూట్లు పోయాయి గానీ ఆ చూపు పోలేదు. చర్చిలో పాదిరి ప్రసంగం దగ్గర్నుంచి కోడలు వెరీనా ఆరేసిన దుప్పట్ల దాకా దేన్నీ వదిలేది కాదు.

అలాంటి మనిషిని యూనివర్సిటీ వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. తప్పు కనబడగానే మనిషి మెదడు ఓ చిన్న కుదుపు ఇస్తుందట. తలకు తీగల టోపీ పెట్టి, ఆ కుదుపును గుర్తుపట్టడం యంత్రానికి నేర్పుతున్నారు. అది నేర్చుకుంటే, నోరూ చెయ్యీ కదలని రోగి "ఇది కాదు" అని మనసులో అనుకున్నా చాలు, యంత్రానికి తెలిసిపోతుంది. పరీక్షకు వచ్చిన మిగతావాళ్లలో ఆ కుదుపు ఉందా లేదా అన్నట్టుంటే, నోట్‌బుర్గా బుర్రలో తలుపు బాదినట్టుండేది. వంకలు పెట్టినందుకు కాఫీ ఇచ్చి మర్యాద చేసేవాళ్లు ఆవిడకు జన్మలో మొదటిసారి దొరికారు. వారం వారం జుట్టు దువ్వుకుని మరీ వెళ్లేది.

చిక్కేమిటంటే, పరీక్ష కోసం తెర మీద కదిలించే బాణం తప్పు దారిలో వెళితే కుదుపు, సరైన దారిలో వెళ్లినా కుదుపే.

"ఇప్పుడు సరిగ్గానే వెళ్లింది కదండీ!" అన్నాడు పరిశోధన చేసే కుర్రాడు కిలియన్, తల పట్టుకుని.

"వెళ్లింది. అంత నత్తనడకనా? ఆ రంగేమిటి, జబ్బు చేసినట్టు?"

"ఒప్పు ఎలా ఉంటుందో చూడకపోతే యంత్రానికి తప్పెలా తెలుస్తుందండీ? ఇవాళ కూడా కుదుపు లేని క్షణం దొరక్కపోతే మీ బదులు ఇంకొకరిని చూసుకోవాలి."

నోట్‌బుర్గా ముఖం వాడిపోయింది. ఇంట్లో ఎలాగూ నోరు మూసుకోమంటారు. ఇక్కడా వద్దంటే ఎక్కడికి పోవాలి?

అంతలో వెరీనా భోజనం తెచ్చింది. టోపీ తీస్తే మళ్లీ తలంతా జెల్ పూయాలని దాన్ని అలాగే ఉంచారు. వెరీనా అత్తగారి ముందే చిక్కుడు గింజల సలాడ్ మీద గుమ్మడిగింజల నూనె పోసింది.

"వెనిగర్ ముందు పొయ్యాలని ఎన్నిసార్లు చెప్పానే నీకు!"

"ఇంట్లోనే పోశానత్తయ్యా. మీరు చూస్తుండగా పొయ్యలేదు, అదీ నా తప్పే."

కిలియన్ గావుకేక పెట్టాడు. "దొరికింది! నోరు ఏమన్నా, నూనె పోస్తున్నంతసేపూ మీ మెదడు ఒక్క వంకా పెట్టలేదండీ!"

వెరీనా సీసాతో అలాగే నిలబడిపోయింది. "ఏమిటీ? నేను చేసింది ఈవిడకు నచ్చిందా?"

"నీ యంత్రం చెడిపోయింది బాబూ" అంది నోట్‌బుర్గా.

"చెడిందంటే ఈ ఫలితం కొట్టేస్తానండీ. అప్పుడు మీరిక రానక్కర్లేదు."

ఇటు పరువు, అటు టోపీ. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ కోడలు ఆ సలాడ్ చేస్తూనే ఉంది. అత్తగారు గిన్నెలో ఒక్క గింజ మిగిల్చిందీ లేదు, ఒక్క మంచిమాట అన్నదీ లేదు. ఇప్పుడు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక్కసారి చూస్తే యంత్రానికి సరిపోతుందా?" అని అడిగింది నెమ్మదిగా.

"చాలదండీ. చాలాసార్లు కావాలి."

"విన్నావుగా. వచ్చేవారం కూడా పట్టుకురా" అంది, కోడలి ముఖం చూడకుండా.

"ఈసారి ఏం మార్చమంటారు అత్తయ్యా?"

నోట్‌బుర్గా సలాడ్ గిన్నె తన వైపు లాక్కుంది.

"ఏమీ మార్చకు."